గీత పడని చోటు

“ఇక్కడ గీత ఏదమ్మా? నీళ్ళు పోశారా ఏమిటి?” ప్రయోగశాల తనిఖీకి వచ్చిన అధికారి, రక్తపరీక్ష చేసిన జెల్లీ పలకని దీపానికి ఎత్తిపట్టి అడిగాడు.

“రక్తమే సార్,” అంది జ్వరాల పిల్ల.

ఆ పేరు పెట్టింది ప్రయోగశాల నడిపే మేడమే. నెల తిరక్కుండా జ్వరమని సెలవు పెట్టే శిష్యురాలిని ఇంకేమని పిలుస్తుంది? మొన్న కూడా మోచేతి మడతలో దూదితో వచ్చింది. “మళ్ళీనా?” అంటే, “సూది పడింది మేడమ్,” అంటూ చొక్కా చేయి కిందికి లాక్కుంది. అయినా ఈ పరీక్ష పని మొత్తం ఆ పిల్లే భుజాన వేసుకుంది. ఆ గర్వం దాచుకోవడం మేడమ్‌కి చేతకావడం లేదు.

“సార్‌కి విడమరిచి చెప్పు తల్లీ.”

“మన రక్తంలో కాంప్లిమెంట్ అని ఒక కాపలా దండు ఉంటుంది సార్. అందులో సి6 అనే ప్రోటీన్‌ని కుందేలుకి ఎక్కించాం. దానికది పరాయిది కదా, ఎదుర్కోడానికి యాంటీబాడీలు తయారుచేసుకుంది. అవి ఈ జెల్లీలో మన రక్తంలోని సి6ని పట్టుకుంటే తెల్ల గీత పడుతుంది. పుట్టుకతో సి6 లేనివాళ్ళకి పడదు. అలాంటి పిల్లలకి మెదడు జ్వరం మళ్ళీ మళ్ళీ రావచ్చు. ముందే తెలిస్తే టీకాలతో కాపాడుకోవచ్చు.”

“ఈ పనే ఎందుకు పట్టుకున్నావు?”

“మా ఇంట్లో ఒకరికి చిన్నప్పుడు రెండుసార్లు వచ్చింది సార్. బతకడమే గొప్పన్నారు.”

అధికారి మెత్తబడలేదు. “గీత పడ్డవి నమ్ముతాను. పడనిదే అసలు రుజువు. అది పాడైపోయిన రక్తమేమోనని నా అనుమానం. నా కళ్ళముందు తాజాగా తీయండి. అంతవరకూ ఈ పరీక్షకి అనుమతి సంతకం పెట్టను.”

ఎక్కడో ఒకరికి ఉండే లోపం. దాత పేరు గుట్టుగా ఉంచాలన్నది నియమం కాబట్టి మేడమ్ ఏనాడూ అడగలేదు. ఇప్పటికిప్పుడు ఆ మనిషిని ఎక్కణ్ణుంచి పట్టుకొస్తారు?

“పిలిపించగలవా? దూరమా?” అని గొణిగింది.

“దూరం కాదు మేడమ్.”

“వస్తారంటావా?”

“ఇంతవరకూ కాదనలేదు.”

మేడమ్ మొహం వెలిగిపోయింది. “చూశారా సార్! నా దగ్గర ఇంతమంది చదివారు, ఇలాంటి పిల్ల ఒక్కతీ రాలేదు. దేనికీ తడుముకోదు!”

జ్వరాల పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుని, చొక్కా చేయి పైకి మడిచింది.