పచ్చి గచ్చు

“కాలు కింద పెట్టకండమ్మా! పెట్టకండి!”

గుమ్మంలోనే నిలబడి కేక వేశాడు టైల్స్ మేస్త్రీ. అవతలి గోడ నుంచి మొదలుపెట్టి గుమ్మం దాకా నిన్నంతా తను పరిచిన గది అది. ఇంకొక్క వరుస మిగిలింది. ఆ గదిలో అవతలి కొసన, కిటికీ గట్టు మీద, ఎవరో పెద్దావిడ తాపీగా కాళ్ళు ఆడిస్తూ కూర్చుని ఉంది.

“సిమెంటు ఇంకా పచ్చిది. పిల్లి నడిచినా టైలు కుంగుతుంది. అసలు అక్కడికెలా వెళ్ళారు మీరు?”

“నడిచే వచ్చాను నాయనా.”

మేస్త్రీకి ఒళ్ళు మండింది. నడుము వంచి, ఒక కన్ను మూసి, కిటికీ వెలుతురులో నేల మట్టం చూశాడు. ఎక్కడో ఒకచోట కుంగి ఉండాలి. మనిషన్నవాళ్ళు అడుగేస్తే పచ్చి గచ్చు కుంగకపోవడం తన ఇరవై ఏళ్ళ పనిలో ఎరగడు. కానీ నేల అద్దంలా ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఇంటాయన మాట. ‘ఈ గది మా అమ్మ కోసం అనుకున్నాను మేస్త్రీ. ఇల్లు లేచేలోగా ఆవిడే పోయింది. అయినా ఆవిడ అడిగిన జారని టైల్సే వెయ్యి.’

ఆవిడేనా ఈవిడ? కిటికీకి ఇనప ఊచలు. గదికి ఉన్నది ఒకటే గుమ్మం, ఆ గుమ్మంలో తను. పారిపోదామంటే మెట్లు దిగాలి. ఆ మెట్లంటే పొద్దుటి నుంచీ ఎందుకో కాళ్ళలో వణుకు.

“మోకాలి నొప్పా?” అంది పెద్దావిడ.

“మీకెలా తెలుసు?”

“నలభై ఏళ్ళు ఎముకల వార్డులో నర్సుగా చేశాను. టైల్స్ పనివాడు నేలను నడుము వంచి చూశాడంటే గొంతుక్కూర్చోలేకే కదా.”

దయ్యమైతే అయింది గానీ, రోగం తెలిసిన దయ్యం. మోకాలు పోతే మేస్త్రీ పోయినట్టే. ఆరు నెలలుగా ఆ భయంతోనే పడుకుని ఆ భయంతోనే లేస్తున్న మనిషికి దయ్యం భయం ఒక లెక్కా? గుమ్మానికి ఆనుకుని మొర పెట్టుకున్నాడు.

“నడిస్తే ఏమీ లేదమ్మా. గొంతుక్కూర్చుని లేచేటప్పుడే. చిప్ప వెనకాల సూదులతో పొడిచినట్టుంటుంది. టక్కుమని చప్పుడు కూడా.”

“ఉత్త చప్పుడైతే భయం లేదు. నొప్పి ఉంటేనే ఆలోచించాలి. మోకాలు పూర్తిగా మడిస్తే చిప్ప వెళ్ళి లోపలి ఎముకను నొక్కుతుంది. నువ్వేమో రోజంతా అలాగే ఉంటావు. అరగంటకోసారైనా లేస్తావా?”

“అలా లేస్తూ కూర్చుంటే పని తెమిలినట్టే!”

“అదీ సంగతి. చిన్న పీట వేసుకోవాలి. మోకాలు ఆనించాల్సి వస్తే కింద మెత్త పెట్టుకోవాలి. కుర్చీలోంచి మెల్లగా లేచి, మెల్లగా కూర్చోవడం రోజూ చేస్తే తొడ కండ గట్టిపడుతుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. వాచినా, పట్టేసినా మాత్రం పని ఆపి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. పట్టేసిందా ఎప్పుడైనా?”

మేస్త్రీ మోకాలు తడుముకున్నాడు.

“నిన్నే. డాక్టరు మానెయ్యమన్నాడు కదయ్యా, వెళ్ళకు అని మా ఆవిడ మొత్తుకుంది. ఒక్క గదే కదా అని వచ్చేశాను. సాయంత్రం మెట్లు దిగుతుంటే, తలుపుకి గడియ పెట్టినట్టు పట్టేసింది.”

“మెట్లకి పట్టుకోడానికి కమ్మీలు కూడా ఇంకా పెట్టలేదు కదూ?”

“లేదు.”

“తర్వాత?”

“తర్వాతేముంది? ఇదిగో, పొద్దున్నే పనికొచ్చాను.”

“ఇంట్లో ఏం చెప్పి వచ్చావు?”

మేస్త్రీ నోరు తెరిచాడు. ఏం చెప్పాడో గుర్తు రాలేదు. భార్య ముఖం తలుచుకుంటే నిన్న పొద్దుటి ముఖమే కళ్ళ ముందుకొస్తోంది.

పెద్దావిడ కాళ్ళు ఆడించడం మానేసింది. “సరే. ఇప్పుడు గొంతుక్కూర్చో, చూస్తాను.”

“అమ్మో! నా వల్ల కాదు.”

“కూర్చో నాయనా. నేనున్నాగా.”

గుమ్మం పట్టుకుని, పళ్ళు బిగించి, మెల్లగా కిందికి దిగాడు. నొప్పి వచ్చే చోటు వచ్చింది. నొప్పి రాలేదు. ఇంకా దిగాడు. పిరుదులు మడమల్ని తాకాయి. టక్కూ లేదు, సూదీ లేదు. లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. బడిలో పంతులు వేసిన శిక్షలా పది గుంజీళ్ళు తీసి, ఆయాసం కూడా రాకపోయేసరికి పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పని మానక్కర్లేదు. ఇంటికెళ్ళి ఆవిడ ముందు కూడా పది గుంజీళ్ళు తీసి చూపించాలి.

“తగ్గిపోయిందమ్మా! చెయ్యి వెయ్యకుండానే తగ్గించేశారు!” అంటూ పరుగున వెళ్ళి ఆవిడ పాదాల దగ్గర వాలిపోయాడు.

పెద్దావిడ అతని తల నిమిరింది. ఆ చెయ్యి మంచులా తగులుతుందేమోనని బిగుసుకున్నాడు. చల్లగా ఏమీ లేదు. తన చెయ్యిలాగే ఉంది.

“నేను తగ్గించలేదు నాయనా,” అంది జాలిగా. “ఒక్కసారి వెనక్కి చూడు.”

అప్పుడు తెలిసొచ్చింది తను ఎక్కడి నుంచి ఎక్కడికి పరిగెత్తాడో. పచ్చి గచ్చు! నిన్నటి కష్టమంతా తన కాళ్ళతో తనే తొక్కేసుకున్నాడు. లబోదిబోమంటూ గుమ్మం వైపు తిరిగాడు.

ఒక్క టైలు కూడా కుంగలేదు.