అడ్డును దించే బటన్

కొడుకు నడుస్తూ నడుస్తూ ఎక్కడా ఆగకుండా రోడ్డు మీదికి వెళ్లిపోతాడని ఆమె భయం. అంతకు మించిన భయం ఆమెకు లేదు.

వాడికి నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు కంటిమీద కునుకు కరువైంది. వాడు నడుస్తాడు, అంతే. ముందు మెట్టుందా, నీళ్ల బకెట్టుందా అన్న లెక్కే లేదు. గోడ తగిలితే వెనక్కి తిరిగి మళ్లీ నడుస్తాడు.

అందుకే మరిది టీవీకి తగిలించిన ఆటను మొదటిసారి చూసినప్పుడు ఆమె గుండె గుభేలుమంది. మరిది పాత వీడియో గేములు కొని, బాగుచేసి అమ్ముతాడు. ఈ ఆటలో బుడతలు పైనుంచి ఒకడి వెనక ఒకడు దిగుతారు. దిగినవాళ్లు దిగినట్టే నడుస్తారు. గొయ్యి వచ్చినా ఆగరు, మంట వచ్చినా ఆగరు. వాళ్లను క్షేమంగా అవతలికి చేర్చాలి. ఒకడికి నిచ్చెన వేసే పని చెప్పొచ్చు, ఒకడికి తవ్వే పని చెప్పొచ్చు. ఒకణ్ణి 'అడ్డు' పెట్టొచ్చు. అడ్డు పెట్టినవాడు రెండు చేతులూ బారచాచి నిలబడిపోతాడు. వచ్చినవాళ్లు తగిలి వెనక్కి మళ్లుతారు.

"ఈ ఆట తయారుచేసినవాడికి పిల్లలుండే ఉంటారు," అంది ఆమె.

చిక్కల్లా ఒకటే. అడ్డు పెట్టడం తేలిక. తియ్యడమే ఎవరికీ తెలియదు.

ఆవేళ పొద్దున్నే ఆమె అడ్డు పెట్టింది. మధ్యాహ్నమైంది. అడ్డు అలాగే ఉంది.

ముందుగా కంగారుపడింది అత్తగారు. "పిచ్చి సన్నాసి, ఎక్కడ నిలబెడితే అక్కడే నిలబడతాడు. ఎంతసేపని అమ్మాయ్? కాళ్లు పడిపోవూ?" అంటూ గ్లాసుతో నీళ్లు పట్టుకొచ్చారు. అడ్డుకు నీళ్లు తాగించే బటన్ ఆటలో ఎక్కడా లేదని మరిది చెప్పాడు. తెచ్చిన నీళ్లను ఏం చెయ్యాలో తోచక ఆవిడే తాగేశారు.

ఈ ఆటకు మూడు భాగాలొచ్చాయనీ, ఒక్కో దాంట్లో అడ్డును తీసే పద్ధతి ఒక్కో రకంగా ఉంటుందనీ మరిది అన్నాడు. మూడు క్యాసెట్లూ తెచ్చి, ఉఫ్‌మని ఊది దుమ్ము పోగొట్టాడు. ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. చంటివాడు మాత్రం ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాడు. వెళ్తున్నాడు, వస్తున్నాడు. ఆవేళ ఎందుకో ఆమె వాడి వెంట పరిగెత్తలేదు.

మొదటి భాగంలో బుడతలు చీమలంత ఉన్నారు. రంగులు అంతంత మాత్రం. వెనక ఒకటే పాట, జిడ్డులా వదలదు. అత్తగారికి ఇదే నచ్చింది. ఎవరి మొహమూ కనబడదు కాబట్టి ఎవరు పడిపోయినా బాధ ఉండదన్నారు. ఇందులో అడ్డును తియ్యాలంటే ఒకటే దారి, పేల్చెయ్యడం. బుడత రెండు చేతులతో తల పట్టుకుంటాడు, ఠప్పుమంటాడు.

అత్తగారు లేచి నిలబడ్డారు. "కన్నతల్లి ముందు అనాల్సిన మాటేనా అది?"

రెండో భాగంలో బుడతలకు టోపీలూ భుజాన సంచులూ వచ్చాయి. మరిదికి ఇదంటే ప్రాణం. బుర్రకు పదునంతా ఇందులోనే ఉందని, మూడోది పైపై మెరుగులేనని అతని వాదన. ఇందులో అడ్డు కాళ్లకింద నేల తవ్వితే సరి. దబ్బున కిందికి జారి, లేచి తన నడక తను నడుస్తాడు.

"నేల తవ్వితే ఇంటి ఓనరు ఊరుకుంటాడా?" అన్నారు అత్తగారు. "మొన్న గోడకు మేకు కొట్టినందుకే నానా మాటలూ అన్నాడు."

మరిది నవ్వలేదు. నిజమేనన్నట్టు తలూపి క్యాసెట్ తీసేశాడు.

ఇంతలో ఫోను మోగింది. భర్త పనిచేసే ఆఫీసు నుంచి. అతను ఇవాళ ఇంకా రాలేదేమని అడుగుతున్నారు. ఇంట్లో కాస్త పని తగిలిందని చెప్పి ఆమె పెట్టేసింది.

మూడో భాగంలో బుడతలు గుండ్రంగా, బొద్దుగా ఉన్నారు. కనుబొమ్మలు కూడా ఉన్నాయి. నడుస్తూ నడుస్తూ మధ్యలో మొహం తిప్పి, ఆడేవాళ్లకేసి చూస్తారు. ఆమెకు అది అస్సలు నచ్చలేదు. కానీ తెర మూల ఒక చిన్న బటన్ కనబడింది. బడి మధ్యలో మానేసిన మనిషి, అక్షరాలు కూడబలుక్కుని చదివింది. విడుదల.

"ఇదే వదినా. ఎవరికీ దెబ్బ తగలదు. చేతులు దించి తన దారిన తను పోతాడు."

అత్తగారు హమ్మయ్య అని చేతులు జోడించి, ముందది నొక్కమన్నారు.

ఆమె నొక్కింది. అడ్డు పెట్టిన బుడత చేతులు దించాడు. నడుం విరుచుకున్నాడు. హాయిగా పక్కకు తప్పుకున్నాడు. వెనకున్నవాళ్లు తగలడానికేమీ లేక తిన్నగా నడిచారు. ఒకడి తర్వాత ఒకడు గోతిలో పడ్డారు. అందరికంటే చిన్నవాడు పడబోతూ ఆమె వైపు తిరిగి చూశాడు.

ఆమె రిమోట్ కింద పెట్టేసింది.

"మనకు మొదటి భాగమే మంచిది అత్తయ్యా," అంది. "పేల్చొద్దు. తియ్యనూ వద్దు."

"మరి వాడి గతేంటమ్మా?"

"అలవాటవుతుంది లెండి."

అత్తగారు ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్లారు. మరిది టీవీ కట్టేశాడు.

కాబట్టి మీలో ఎవరైనా ఆ వీధిలోంచి వెళ్తుంటే, తలుపు ఊడదీసి వడ్రంగికిచ్చిన ఇల్లొకటి కనబడుతుంది, ఆ గుమ్మంలో రెండు చేతులూ బారచాచి నిలబడి ఉన్న ఆమె భర్త ఎలా ఉన్నాడో ఒక్కసారి కనుక్కుని పోండి.