తాళం చాలదు

తాళం పోయింది.

తలుపు ఉంది. లోపల సామానూ ఉంది. మూతపడిన ఫ్యాన్ల ఫ్యాక్టరీ స్టోరు గదికి వేసిన అరచెయ్యంత ఇత్తడి తాళం మాత్రం మాయం. దాని చెవి ఇప్పటికీ వాచ్‌మన్ బెల్టుకి భద్రంగా వేలాడుతోంది.

వాచ్‌మన్‌కి కాళ్ళూ చేతులూ ఆడలేదు. రెండు నెలల కిందట ఫ్యాక్టరీ మూసేసినప్పుడు మూడు వందల మంది రోడ్డున పడ్డారు. మిషన్లు అమ్ముడయ్యేదాకా కాపలాకి ఇతనొక్కణ్ణే ఉంచారు. "అదృష్టవంతుణ్ణి చెరిపేవాడు లేడు" అని ఊరంతా కుళ్ళుకుంది. ఆ మాట హెడ్డాఫీసు చెవిన పడిందో ఏమో, నిన్ననే ఉత్తరం వచ్చింది. 'కాపలా అనవసరం. తాళం చాలు. నెలాఖరుకి మానుకొనవలెను.'

"ఉద్యోగం ఎలాగూ ఊడింది. దొంగన్న పేరు కూడా మోసుకుంటూ పోవాలేమిటే!" అని భార్య ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆవిడ రోజూ పన్నెండున్నరకి క్యారేజీ తెచ్చి, గేటు పక్క గదిలో దగ్గరుండి వడ్డిస్తుంది. తిన్నాక అతనికి అరగంట కునుకు పడాల్సిందే. ఇరవయ్యేళ్ళ అలవాటు. ఆ అరగంటా గేటు ఆవిడే చూసుకుంటుంది. తనని తాను జీతం లేని వాచ్‌మన్ అని చెప్పుకుని నవ్వుకుంటుంది కూడా.

"ఏడ్చింది చాలు గానీ, పోయింది పోయినట్టు రాసి పడెయ్యండి."

"రాస్తే నన్నే అంటారే!"

"రాయకపోతే ఇంకా అంటారు. ఇదిగో పెన్ను."

రాశాడు. నాలుగో రోజున జవాబొచ్చింది. 'తాళం చాలదని తెలిసినది. కాపలా కొనసాగించవలెను.'

అతను నోరెళ్ళబెట్టాడు. ఆవిడ మారు వడ్డించింది.

దొంగ అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు మేనేజరు గది గోడ గడియారం పోయింది. ఆ వారంలోనే క్యాంటీను గరిటెలు పోయాయి. 'జాగ్రత్తగా పనిచేయండి' అని రాసిన రేకు ముక్కని కూడా వదల్లేదు. వాచ్‌మన్‌కి అన్నం సహించడం మానేసింది. కునుకు మాత్రం మానలేదు.

పోలీసుల దాకా వెళ్తే పరువు పోతుందని హెడ్డాఫీసు నుంచి ఓ ఆఫీసరే ఊడిపడ్డాడు. ప్రహరీ చుట్టూ తిరిగాడు. కిటికీ చువ్వలు లాగి చూశాడు. ఆఖరికి ఇంటి దొంగని పట్టాలని వాచ్‌మన్ ఇంటికే వెళ్ళాడు. పెట్టెలు తెరిపించాడు. పరుపులు ఎత్తించాడు. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు.

"చెయ్యి కడుక్కున్నారా సార్? రేపు మేం తినే బియ్యం అవి," అంది భార్య.

దొరికింది ఏమీ లేదు. ఆఫీసరు మొహం చిన్నబోయింది.

"ఏమనుకోకమ్మా. ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఇంకో మనిషి కావాలి. మీ ఎరికలో నమ్మకస్తుడెవడైనా ఉన్నాడా?"

"మా తమ్ముడున్నాడు సార్. మీ పెయింటు సెక్షన్ వాడే."

తమ్ముడు రెండు నెలలుగా అక్క ఇంట్లోనే ఉన్నాడు. తినడం, పడుకోవడం తప్ప వేరే పని లేదు. సోమవారం నుంచి మెళ్ళో ఈల తగిలించుకుని, బావ పక్కన నించుని మీసం దువ్వడం మొదలుపెట్టాడు. రెండు వారాలు చీమ కూడా కదల్లేదు.

"నన్ను చూసి జడుసుకున్నాడు బావా."

అంత మాట అన్నాడో లేదో ఉత్తరం రానే వచ్చింది. 'దొంగల బెడద తీరినందున ఇద్దరూ అనవసరం.'

బావా బావమరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు ఇద్దరూ క్యారేజీ ముందు దిగాలుగా కూర్చున్నారు. దిగాలుగానే అంతా తిన్నారు. బెంగతో ఇద్దరికీ కునుకు కాస్త ఎక్కువే పట్టింది. లేచి చూసేసరికి స్టోర్లో తూకపు రాళ్ళు లేవు. తమ్ముడి మెళ్ళో ఈల లేదు.

ఈసారి ఉత్తరం రాసేదాకా ఆగలేదు. ఆఫీసరే ఫోన్లో అరిచాడు. "ఇద్దరూ ఉండండి! మిషన్లు అమ్మేదాకా కదలడానికి వీల్లేదు!"

సాయంత్రం ఆ ఇంట్లో పండగలా ఉంది. వాచ్‌మన్ నెల రోజుల తర్వాత మనసారా నవ్వాడు. పరుగున వెళ్ళి బావమరిదికి కొత్త ఈల కొనుక్కొచ్చాడు. భార్య వీధి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

పక్కింటావిడ వచ్చి ఆనుకుని కూర్చుంది. ఆవిడ భర్త లేత్ మిషన్ ఆపరేటరు. మూడు నెలలుగా ఒకే పేపరు తిరగేసి మరగేసి చదువుతున్నాడు. ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"వదినా, మా మంచం కింద ఇంకా బోలెడు చోటుంది గానీ, మా ఆయన్ని కూడా కాపలాకి పెట్టుకునేదాకా ఇంకో రెండు వస్తువులు ఎత్తుకొచ్చి పుణ్యం కట్టుకోవూ?"