గడప లోపలి పిలుపు

దోహాలో, అల్ అజీజియాలోని ఆ ఫ్లాట్లో భార్గవ, ఇంద్రజ మూడేళ్లుగా మొగుడూ పెళ్లాలు. ఆ కాపురం పెట్టించింది వాళ్లు పనిచేసే గూఢచారి సంస్థ. నలుగురిలో ఆమె అతన్ని "ఏవండీ" అంటుంది. తలుపు వేశాక పేరు పెట్టి పిలుస్తుంది, పని పురమాయిస్తుంది. ఆమె అతని పై అధికారి.

శుక్రవారం సాయంత్రం బెల్లు మోగింది. తలుపు కంతలోంచి చూస్తే పోలీసులు.

"మన సంగతి వీళ్లకెవరు చెప్పారు?" అన్నాడు భార్గవ.

"ఏమోనండీ, నాకు భయంగా ఉంది." ఇంద్రజ అతని చెయ్యి పట్టుకుంది.

తలుపు మూసి ఉండగా ఆమె అలా "అండీ" అని పిలవడం అదే మొదటిసారి. ఆ పిలుపు కోసమే అతను మూడేళ్లుగా ఎదురుచూశాడు. ఇక ఆమె మీద ఈగ వాలనివ్వకూడదనుకున్నాడు.

"మా ఆవిడకేం తెలీదు సార్. అంతా నేనే చేశాను," అన్నాడు తలుపు తీసి.

పోలీసులు అతన్ని తీసుకెళ్తుంటే, గుమ్మం పక్కన సర్ది ఉన్న సంచి ఆమె అతని చేతికిచ్చింది.

"మందులు మానేయకండి," అంది కళ్లు తుడుచుకుంటూ.

పోలీసు బండిలో సంచి విప్పాడు. ఇస్త్రీ బట్టలు, స్వెట్టరు, సబ్బు. అడుగున, అయిపోయాయని తను నిన్ననే చెప్పిన బీపీ మాత్రలు.

ఏడాదికి సరిపడా ఉన్నాయి.