కళ్లు పోయే మాట

పండ్ల కొట్టు లోపల ఓ మనిషి మిస్ పాస్కో కాలు తొక్కాడు.

"బ్లైమీ! చూడలేదు మిస్సమ్మా."

మిస్ పాస్కోను కాలి నొప్పి కంటే ఆ 'బ్లైమీ' అన్న మాటే ఎక్కువ బాధపెట్టింది. రిటైరయ్యేదాకా డెట్‌ఫర్డ్ పేట పిల్లలకు ఇంగ్లిషు చెప్పిన మనిషి ఆమె. ఆ పేట నోట ఆ మాట లేకుండా చేయాలని పంతం పట్టింది. పంతం ఇంకా అలాగే ఉంది. పేట కూడా అలాగే ఉంది.

"ఆ మాటకు అర్థం తెలుసా నీకు?" అంది.

"దానికి అర్థం కూడానా! అబ్బా అన్నట్టే కదా?"

వరుసలో నిలబడ్డవాళ్లు కిసుక్కున నవ్వారు. యుద్ధం మొదలయ్యాక ఆ కొట్టుకు నారింజలు రావడమే గొప్ప. అందరూ హుషారుగా ఉన్నారు. అతనూ నవ్వాడు. భారీ మనిషి, మెడ దాకా బొగ్గు మసి.

అర్థం చెప్పడానికి మిస్ పాస్కో నోరు తెరిచింది.

అప్పుడే రాకెట్ పడింది.

ఈ కొత్త రకం రాకెట్లకు సైరన్ మోగదు. ముందు ఇల్లు కూలుతుంది, ఆ తర్వాతే చప్పుడు వినిపిస్తుంది.

ఆమెకు స్పృహ వచ్చేసరికి అంతా చీకటి. నోటినిండా సున్నం. కాళ్లు కదలడం లేదు. చలికాలమైనా చలి తెలియడం లేదు. హాయిగా నిద్ర ముంచుకొస్తోంది.

"మిస్సమ్మా! ఉన్నారా?"

గొంతు దగ్గరగానే, కాస్త పైనుంచి వినిపించింది.

"ఎవరది?"

"మీ కాలు తొక్కినవాణ్ణి. నిద్రపోకండి. ఇలాంటప్పుడు నిద్రపోతే మళ్లీ లేవరు. మనవాళ్లు తవ్వుతున్నారు."

"నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే, గుమ్మం దగ్గర."

"మరి నువ్వూ ఓ చెయ్యి వెయ్యొచ్చుగా?"

"నా నడుం సంగతి బాగాలేదు లెండి."

ఒళ్లు దాచుకునే రకం అని ఆమెకు అర్థమైపోయింది.

"నన్నొదిలెయ్యి. నా కోసం ఏడ్చేవాళ్లెవరూ లేరు," అంది. నిజంగానే లేరు. ఆ సంగతి పైకి అన్నాక ఆమెకు తన మీద తనకే జాలేసింది. కళ్లు మూసుకుంది.

"బ్లైమీ! పడుకున్నారా?"

"నోర్ముయ్!" మిస్ పాస్కో కళ్లు తెరుచుకున్నాయి. "గాడ్ బ్లైండ్ మి! దేవుడా, నా కళ్లు పోగొట్టు! అదీ దానర్థం. నేను చెప్పింది అబద్ధమైతే నా కళ్లు పోవాలి అని పూర్వం ఒట్టు పెట్టుకునేవాళ్లు. ఆ ఒట్టే నోళ్లలో నలిగి నలిగి అలా తయారైంది. కాలు తొక్కినందుకు కళ్లు పోవాలంటావేమయ్యా?"

"అదా సంగతి! నేనేదో ఫ్రెంచి రాణి పేరనుకున్నా."

"ఫ్రెంచి రాణా! ఏ వెధవ చెప్పాడు నీకు?"

"మా మావయ్య."

"మీ మావయ్యను నా దగ్గరికి తీసుకురా!"

కోపంతో ఆమె ఒళ్లు వేడెక్కింది. వేళ్లు కదిలాయి.

"మరి క్రైకీ?" అన్నాడు అతను. "అది వేల్సులో ఓ ఊరి పేరట కదా?"

"ఊరూ కాదు, నీ మొహమూ కాదు. అది క్రీస్తు పేరు. ఊరికే దేవుడి పేరెత్తితే పాపమని భయం. ఎత్తకుండా ఉండలేరు. పేరు కాస్త వంకర తిప్పి అంటే ఆయన పోల్చుకోలేడని వీళ్ల తెలివి."

అతను నవ్వాడు. నవ్వు మధ్యలోనే తెగి మూలుగైంది.

"నీకు నవ్వులాటగా ఉందా?"

"లేదు మిస్సమ్మా. చెప్పండి. గాష్ సంగతేమిటి?"

"అదీ దేవుడి పేరే, అదే వంకర..."

ఎక్కడో పెళ్లలు జారాయి. ఆమె ముఖం మీద దుమ్ము రాలింది. అతను ఊపిరి బిగపట్టినట్టు వినిపించింది.

"ఏమిటా చప్పుడు?"

"ఏం లేదు. కాస్త సర్దుకున్నా."

"సర్దుకో నాయనా, నీకేం! బయట కూర్చున్నావు. చూడు, నేను బయటికొచ్చి నీ చేత ఆ మాట మాన్పించకపోతే నా పేరు హెస్టర్ పాస్కో కాదు."

"మాన్పించండి. అందుకైనా మీరు బయటికి రావాలి."

వస్తాను అనుకుంది ఆమె. పళ్లు బిగించి అనుకుంది. అతను అడుగుతూనే ఉన్నాడు. ఆమె తిడుతూ చెబుతూనే ఉంది. అతని గొంతు సన్నబడుతున్న కొద్దీ ఆమె గొంతు పెంచింది. పాఠం మధ్యలో కునుకుపాట్లు పడేవాళ్లంటే ఆమెకు మొదటినుంచీ మంట.

చివరికి పారల చప్పుడు దగ్గరైంది. మనుషుల మాటలు వినిపించాయి. ఏదో ఇనుము కిర్రుమంది. అతను వాళ్లతో మెల్లగా ఏదో అన్నాడు. ఆ తర్వాత మాట లేదు.

"ఏమయ్యా! ఇంకా అడగవేం?"

పనిచేసేవాళ్లు రాగానే జారుకున్నాడన్నమాట, అనుకుంది.

ఆమెను స్ట్రెచర్ మీద బయటికి తెచ్చారు. వెలుతురు కళ్లలో గుచ్చుకుంది. ఆమె తవ్వకం మేస్త్రీని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఆ బొగ్గు మనిషేడి?"

"ఆల్ఫ్ టిబ్సా?" అన్నాడు మేస్త్రీ.

"పేరు నాకేం తెలుసు! గుమ్మం దగ్గర కూర్చుని కబుర్లు చెప్పాడు. ఒక్క ఇటుకైనా ముట్టుకున్నాడా? పిలవండి. వాడి చేత ఆ మాట మాన్పించాలి."

మేస్త్రీ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. పక్కనే నేల మీద దుప్పటి కప్పి ఉన్న భారీ ఆకారం వైపు చూశాడు.

"ఈ కొట్టుకు గుమ్మమే మిగల్లేదు మిస్. మిమ్మల్ని భయపెట్టొద్దని అలా చెప్పుంటాడు. మేం జాకీ ఆనించేదాకా, మీ మీద పడాల్సిన దూలం ఆల్ఫ్ వీపు మీదే ఉంది."