బొమ్మలో లేని చాయ్ హోటల్

పాత నీటిరంగుల బొమ్మల్లో నగరం ఎలా ఉందో అచ్చం అలాగే ఉంచే పని యంత్రాలకు అప్పగించారు. ఎవరో చిత్రకారుడు ముచ్చటపడి ఒంటెను గీశాడని, చార్మినార్ ముందు రోజూ ఒక ఒంటె ట్రాఫిక్‌ను ఆపుతోంది. ఏ బొమ్మలోనూ లేనివాటిని మాత్రం యంత్రాలు తీసేస్తున్నాయి.

"సుగుణక్కా, నా హోటల్ ఏ బొమ్మల గూడ లేదంట. రేపు తీసేస్తయంట," అన్నాడు అక్కడ చాయ్ హోటల్ నడిపే జహంగీర్.

"ఎట్లుంటది? మీ తాత కాలం సంది గీసెటోళ్లందరు మీ అరుగు మీదనే కూసొని, చాయ్ తాగుకుంట గీసిర్రు. ఇగ అరుగు బొమ్మలకెట్లొస్తది?" అంది సుగుణ. ఆమె బతుకుతెరువు కూడా బొమ్మలే.

సుగుణ హోటల్‌కు ఎదురుగా కూర్చుని దాన్ని గీసింది. పాతదిగా కనిపించాలని కాగితాన్ని జహంగీర్ మరిగించిన డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టింది. యంత్రానికి చూపిస్తే, అది అటూఇటూ తిప్పి చూసి నమ్మేసింది.

తెల్లారేసరికి హోటల్ చెక్కుచెదరకుండా ఉంది. దాని పైన ఆకాశంలో మాత్రం గోధుమరంగు పొగ చక్రం ఒకటి వేలాడుతోంది.

"గదేందక్కా?"

"బొమ్మ ఎగిరిపోకుండ దాని మీద చాయ్ కప్పు పెట్టిన. కప్పు అడుగు మరక బొమ్మల ఆకాశానికి అంటింది."



"ఉండనీ అక్కా. ఇగ బోర్డుతోని పనిలేదు."