నార్మల్ అన్న స్కాన్

ఇన్సూరెన్స్ లిస్టులో దొరికిన రేడియాలజిస్టు లైసెన్సు, బోర్డ్ సర్టిఫికేషన్ అన్నీ హాసినే చెక్ చేసింది. ఆమె భర్త తేజేశ్వర్ ఊపిరితిత్తుల స్కాన్ నార్మల్ అని ఆ డాక్టర్ రిపోర్టు ఇచ్చాడు.

స్కాన్ సీడీ తెరిచి చూసిన హాసినికి ఒళ్లు మండిపోయింది. భర్తను తీసుకుని టెక్సస్‌లోని ప్లేనోలో ఉన్న ఆ డాక్టర్ క్లినిక్‌కి వెళ్లి, కౌంటర్ మీద గట్టిగా చరిచింది. "ఇందులో మచ్చ ఉంది. మళ్లీ చూడమనండి!"

"మీరు డాక్టరా, మేడమ్?" అంది రిసెప్షనిస్టు.

హాసిని సీడీని ఆమె ముందుకు తోసింది.

"అరవకు హాసినీ, పోదాం పద," అన్నాడు తేజేశ్వర్.

"నేను కదలను."

గంట తర్వాత రేడియాలజిస్టే బయటికి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "సారీ. మచ్చ ఉంది. ఇంత చిన్నది మీకెలా కనిపించింది?"

"వరంగల్‌లో పదకొండేళ్లు ఇదే పని చేశాను," అంది హాసిని. "ఇక్కడ మీ డిగ్రీ చెల్లుతుంది. నాది చెల్లదు."